కొత్త పార్టీకి అప్పెవరిస్తారు?

మా కొట్లో ఎవరికి అప్పు ఇవ్వచ్చో, ఎవరికి ఇవ్వకూడదో రాసిపెట్టేది నేనే. విజయవాడ వన్‌టౌన్‌లో, వస్త్రలత దగ్గర బట్టల హోల్‌సేల్ కొట్టు మాది, అంటే మా ఓనర్ గారిది, నేను 9 ఏళ్ళుగా లెక్కలు చూస్తున్నాను. నూజివీడు, తిరువూరు, జగ్గయ్యపేట, గుడివాడ నుంచి పార్టీలు, అంటే మా దగ్గర సరుకు కొనే షాపులవాళ్ళు, వస్తారు, చీరలూ లుంగీలూ డ్రెస్ మెటీరియలూ చూసుకుని, కట్టలు కట్టించి ట్రాన్స్‌పోర్టులో వేయించుకుని పోతారు, డబ్బులు 30 రోజులకో 45 రోజులకో వస్తాయి. ఎవరు అన్న రోజుకి కడతారు, ఎవరు తిప్పుతారు, ఎవరు పండగ దాటేదాకా ఫోనెత్తరు, పుస్తకం తియ్యకుండా చెప్పగలను. అలాంటి నాకు పోయిన ఏడాది జూన్‌లో మూడు బ్యాంకులు ఒకే రాత్రి క్రెడిట్ కార్డు ఇవ్వం పొమ్మన్నాయి.

అసలు నాకు కార్డు మీద మోజేం లేదు. మా బావ అంటించాడు. "రేపు పెళ్ళయ్యాక ఇంటి లోనుకి వెళ్తావు, అప్పుడు సిబిల్ ఎంత అని అడుగుతారు, ఏం చెప్తావురా, ముందు ఒక కార్డు తీసుకుని పెట్టుకో" అన్నాడు. సిబిల్ అంటే మనం అప్పులు ఎలా తీరుస్తామో చెప్పే స్కోరు. సరే అని ఆదివారం మాల్‌కి వెళ్ళినప్పుడు, ఎస్కలేటర్ పక్కన టేబుల్ వేసుకుని నిలబడే కుర్రాడు పిలిస్తే ఈసారి తప్పించుకోకుండా ఆగాను. "లైఫ్ టైం ఫ్రీ అన్నా, జాయినింగ్ ఫీజు లేదు, రెండు నిమిషాలు" అని ఫారం తీశాడు. జీతం ఎంత అన్నాడు, చెప్పాను. అకౌంట్‌లో పడుతుందా అన్నాడు. సగం అకౌంట్‌లో, సగం చేతికి అన్నాను, వన్‌టౌన్‌లో చాలామందిది ఇదే కథ. ఫామ్ 16, అంటే జీతం మీద పన్ను లెక్క చూపే కాగితం, ఉందా? లేదు. పోనీ ఆదాయపు పన్ను రిటర్న్‌లు వేస్తారా? లేదు. ఇప్పటిదాకా ఏమైనా లోను, బండి ఫైనాన్సు, ఫోను ఈఎంఐ? ఏదీ లేదు, బండి కూడా డబ్బు కూడబెట్టి ఒకేసారి కట్టి కొన్నాను అని కాస్త గర్వంగానే చెప్పాను. కుర్రాడు పెన్నుకి క్యాప్ పెట్టేశాడు. అంతే, ఇంకేం అనలేదు. నా వెనక వస్తున్న వాళ్ళని "సార్, ఒక్క నిమిషం సార్" అని పిలవడం మొదలుపెట్టాడు.

నాకు ఒళ్ళు మండింది. రాత్రి రూముకి వచ్చి, కృష్ణలంకలో మా రూములో సిగ్నల్ కిటికీ దగ్గరే వస్తుంది, అక్కడ నిలబడి మూడు బ్యాంకుల యాప్‌లలో వరసగా అప్లై చేశాను. ఒకడు కాదంటే ఇంకొకడు ఇస్తాడు కదా అని. ఒకటి పది నిమిషాల్లో, మిగతా రెండూ తెల్లారేలోపు, ఇంచుమించు ఒకే మాట పంపాయి: మా అంతర్గత విధానాల ప్రకారం మీ దరఖాస్తు ఆమోదించలేకపోతున్నాము. నిజానికి రిజర్వ్ బ్యాంకు 2022లో ఇచ్చిన నిబంధనల ప్రకారం కార్డు కాదంటే ఎందుకు కాదన్నారో నిర్దిష్టంగా, రాతపూర్వకంగా చెప్పాలి. అంతర్గత విధానం అనేది కారణం ఎలా అవుతుందో నాకైతే తెలీదు. మేం పార్టీకి సరుకు లేదంటే కనీసం "పాత బాకీ తీర్చు ముందు" అని మొహం మీదే చెప్తాం.

తర్వాత సిబిల్ రిపోర్టు తీశాను. ఇది చాలామంది డబ్బులు కట్టి తీస్తున్నారు, అక్కర్లేదు. మన దేశంలో ఈ లెక్కలు రాసే కంపెనీలు నాలుగున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. 2017 నుంచి ఒక్కొక్కరు ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఊరికే ఇవ్వాలి. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు, ఆ భయం పెట్టుకోకండి. స్కోరు 300 నుంచి 900 మధ్య ఉంటుందని తెలుసు కాబట్టి నాది ఏ 500 ఉంటుందో అనుకుంటూ తెరిచాను. నంబరు ఉండాల్సిన చోట ఎన్‌హెచ్ అని ఉంది. బెంజి సర్కిల్‌లో నేషనల్ హైవే బోర్డు తప్ప నాకు ఎన్‌హెచ్ అంటే ఇంకేం తెలీదు. నో హిస్టరీ అట. కొన్నిచోట్ల దీన్నే మైనస్ 1 అని చూపిస్తారు, అది చూసి సున్నా కన్నా తక్కువా అని హడలిపోయే వాళ్ళని కూడా చూశాను. అది చెడ్డ మార్కు కాదు, అసలు పరీక్షే రాయలేదని.

కింద ఎంక్వైరీలు అనే చోట మాత్రం మూడు వరసలున్నాయి, మూడూ ఒకే తేదీ. అంటే 9 ఏళ్ళు ఒక్క నెల కూడా అద్దె ఎగ్గొట్టకుండా, కరెంటు బిల్లు లేటు చెయ్యకుండా, వీధి చివర కిరాణా కొట్లో ఖాతా ప్రతి నెలా తీరుస్తూ బతికిన మనిషి గురించి ఆ కాగితానికి తెలిసిందల్లా, ఫలానా రోజు రాత్రి ముగ్గురి దగ్గర చెయ్యి చాపాడు అని.

దీన్ని తిట్టుకుంటూ కొట్టుకి వెళ్ళాను గానీ, మధ్యాహ్నానికి కోపం పోయింది. ఎందుకంటే మేం చేసేదీ ఇదే. కొత్త పార్టీ ఎవరైనా వస్తే మా ఓనర్ గారు టీ తెప్పించి, మాటల్లో పెట్టి, ఇదివరకు ఎవరి దగ్గర సరుకు తీసుకునేవారో కనుక్కుంటారు. వాళ్ళు అటు ర్యాకుల దగ్గరికి వెళ్ళగానే ఫోను తీసి పక్క లైన్లో వాళ్ళకి కొడతారు: "ఫలానా ఊరు, ఫలానా షాపు, పార్టీ ఎట్లా ఉంది?" అటునుంచి "మంచి పార్టీ" అనో, "తిప్పుతాడండీ" అనో ఒక్క ముక్క వస్తుంది. సిబిల్ అంటే ఆ ఫోనే. దానికో మూడంకెల నంబరు పెట్టారు, అంతకన్నా ఏం లేదు. ఒకవేళ ఎవరికీ తెలియని పార్టీ అనుకోండి, మనిషి ఎంత పెద్దమనిషిలా ఉన్నా మొదటి బిల్లు నగదే. రెండోసారి సగం నగదు, సగం 15 రోజులు. మూడో నాలుగో బిల్లుకి గానీ పుస్తకంలో వాళ్ళకో పేజీ పడదు. ఇంకో సంగతి, ఒకే రోజు పొద్దుటినుంచి నాలుగు కొట్లలో అప్పు అడుగుతూ తిరిగిన పార్టీ గురించి సాయంత్రం టీలోపు లైనంతా తెలిసిపోతుంది, ఇక వాళ్ళకి రుమాలు కూడా అప్పు పుట్టదు. నేను యాప్‌లలో రాత్రిపూట చేసిన పని సరిగ్గా అదే! తెలిసి తెలిసి, ఆ పార్టీని నేనే అయ్యాను.

అందుకని కొత్త పార్టీ చేసే పనే చేశాను, డబ్బు ముందు పెట్టాను. గవర్నరుపేటలో నా అకౌంట్ ఉన్న బ్రాంచికి వెళ్ళి, కార్డు కావాలి, జీతం కాగితాలు లేవు అని ఉన్నమాట చెప్పాను. అక్కడి మేడం కళ్ళజోడు పైనుంచి చూసి, "ఎఫ్‌డీ మీద తీసుకోండి, మీకు ఎవరూ చెప్పలేదా?" అన్నారు. ఎవరూ చెప్పలేదు. మాల్‌లో కుర్రాడికి దాని మీద కమీషన్ రాదేమో మరి. లెక్క ఇది: ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తాం, బ్యాంకు దాన్ని తాకట్టు కింద రాసుకుంటుంది, లీన్ అంటారు, అందులో ఇంత శాతం అని మనకి లిమిట్ ఇస్తుంది. కొన్ని బ్యాంకులు 80 శాతం, కొన్ని 90, కొన్ని పూర్తిగా ఇస్తాయి. జీతం చీటీ అడగరు, స్కోరు లేకపోయినా పర్లేదు. కార్డు ఉన్నన్నాళ్ళు ఆ ఎఫ్‌డీ కదపలేం, వడ్డీ మాత్రం మామూలుగానే వస్తుంది. నేను పాతికవేలు వేశాను, 20,000 లిమిట్ వచ్చింది. ఒకటి గుర్తుంచుకోండి, మన డబ్బే కదా, కట్టకపోతే అందులోంచి పట్టుకుంటారులే అనుకోకూడదు. పట్టుకోవడం పట్టుకుంటారు, కట్టలేదన్న సంగతి రిపోర్టులో కూడా రాస్తారు. అప్పుడు ఎన్‌హెచ్ నుంచి నేరుగా "తిప్పుతాడండీ"లోకి పోతాం.

కార్డు కొరియర్‌లో వస్తుందన్నారు. నేను రూము అడ్రసు అనుకున్నాను, అది ఆధార్‌లో ఉన్న అడ్రసుకి, తెనాలి దగ్గర మా ఊరికి పోయింది. పొద్దున్నే అమ్మ ఫోను. గొంతు తగ్గించి మాట్లాడుతోంది, పక్కింటి వాళ్ళకి వినపడకుండా.

"ఒరేయ్, బ్యాంకు నుంచి కవరొచ్చింది. గట్టిగా ఉంది లోపల ఏదో. అప్పేమైనా చేశావా నాన్నా?"

"అప్పు కాదమ్మా, క్రెడిట్ కార్డు."

"క్రెడిట్ అంటే అప్పే కదరా."

దీనికి నా దగ్గర జవాబు లేదు. మా నాన్న ఒకప్పుడు పురుగుమందుల కొట్లో బాకీ పడి, ఆ కొట్టు ముందునుంచి వెళ్ళలేక ఊరు చుట్టూ తిరిగి వచ్చేవాడు, అమ్మకి అది గుర్తు. కవరు చింపకుండా బియ్యం డబ్బాలో పెట్టింది. ఆదివారం బస్సులో వెళ్ళి తెచ్చుకున్నాను, కవరు నిండా తవుడు.

మొదట్లో బుద్ధిగానే ఉన్నాను. పెట్రోలు, రీఛార్జి, అంతే. నాది రూపే కార్డు కాబట్టి 2022లో వచ్చిన వెసులుబాటుతో యూపీఐకి కలిపేసుకున్నాను, ఫోనుతో స్కాన్ చేస్తే కార్డు లోంచి పోతుంది. మెడికల్ షాపులో, సూపర్ మార్కెట్లో పోతుంది. మా కొట్టు కింద టీ బండి దగ్గర మాత్రం పోలేదు, అతను సొంత నంబరు క్యూఆర్ పెట్టుకున్నాడు, వ్యాపారస్తుల క్యూఆర్ అయితేనే కార్డు పనిచేస్తుంది. ఒకందుకు మంచిదే, టీలకి కూడా అప్పు చెయ్యకుండా ఆపింది.

ఇక నేను చేసిన వెధవ పని. అక్టోబరు 3న ఫ్రిజ్ కొన్నాను, 14,600. బిల్లు 18న వచ్చింది, గడువు నవంబరు 7. అదే నెలలో రూము మారుతూ అడ్వాన్సు కట్టాల్సి వచ్చింది, చేతిలో డబ్బు ఆడటం లేదు. యాప్ తెరిస్తే పెద్ద అక్షరాలతో మినిమమ్ డ్యూ 730 అని, పక్కనే కట్టండి అని బటను. మొత్తం బిల్లు కింద చిన్న అక్షరాల్లో ఉంది. నెలకి 730 వాయిదా అన్నమాట, భలే ఉందే అనుకుని 6వ తారీఖున కట్టేశాను, లేటు ఫీజు పడలేదు కూడా. నవంబరు 18న బిల్లు చూస్తే కట్టాల్సింది 14,770 దాకా ఉంది. కట్టాక బాకీ పెరిగింది. పొరపాటేమో అని కాలిక్యులేటర్ తీసుకుని కూర్చున్నాను, లెక్కలు రాసేవాణ్ణి కదా. పొరపాటు లేదు. పూర్తిగా కట్టకపోతే వడ్డీ గడువు తేదీ నుంచి కాదు, కొన్న రోజు నుంచి వేస్తారు. నా కార్డుకి నెలకి 3.5 శాతం, ఏడాదికి 42. 14,600 మీద 34 రోజులు, మిగిలిన 13,870 మీద ఇంకో 12 రోజులు, కలిపి 763, దాని మీద జీఎస్టీ 18 శాతం, మొత్తం 900. నేను కట్టింది 730!

దీన్ని శాతాల్లో చెప్తే మనవాళ్ళకి ఎక్కదు. మన లెక్కలో చెప్తాను. నూటికి రూపాయి అయితే ధర్మవడ్డీ అంటాం, రెండు రూపాయలంటే బజారు వడ్డీ, మూడున్నర రూపాయల వడ్డీకి ఎవడైనా తెచ్చాడంటే వాడి పని అయిపోయిందనుకుంటాం. దీనికి జీఎస్టీ కలిపితే నాలుగు రూపాయలు దాటుతుంది. పైగా పాత బాకీ తీరేదాకా కొత్తగా ఏం కొన్నా ఆ రోజు నుంచే వడ్డీ మొదలు, 20 నుంచి 50 రోజులు వడ్డీ లేదన్న సౌకర్యం ఉండదు. ఏటీఎంలో కార్డుతో డబ్బు తీస్తే అయితే ఎప్పుడూ ఉండదు, తీసిన రోజు నుంచే వడ్డీ, పైన ఫీజు. ఆ రోజే ఓనర్ గారిని జీతంలో అడ్వాన్సు అడిగి మొత్తం కట్టేశాను. ఎందుకయ్యా అన్నారు, ఫ్రిజ్ అని చెప్పాను, వడ్డీ సంగతి చెప్పలేదు, పరువు పోతుందని. కట్టిన తర్వాతి బిల్లులో కూడా కొంచెం వడ్డీ వచ్చింది, బిల్లు తేదీకీ కట్టిన రోజుకీ మధ్య రోజులది. అది చూసి మళ్ళీ కంగారు పడకండి.

అప్పటినుంచి మొత్తం బిల్లు అకౌంట్ నుంచి దానంతట అదే కట్ అయ్యేలా పెట్టాను, మినిమమ్ కాదు, మొత్తం. ఆటోపే పెట్టేటప్పుడు రెండూ చూపిస్తుంది, చూసి నొక్కండి. నా జీతం 7న వస్తుంది, గడువు కూడా 7న ఉండేది, ఏదో ఒక నెల కొట్టేస్తుందని భయం. బిల్లు తేదీ మార్చమని కనీసం ఒకసారి అడిగే వీలు కస్టమర్‌కి ఉండాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది, అడిగి మార్పించుకున్నాను. గడువు దాటాక మూడు రోజుల వరకు బాకీదారుగా రాయకూడదు, లేటు ఫీజు వెయ్యకూడదు అని కూడా ఉంది గానీ దాన్ని నమ్ముకుని కూర్చోవడం నాకిష్టం లేదు. ఇంకొకటి, 20,000 లిమిట్‌లో 14,600 వాడటమే తప్పు, కట్టినా కట్టకపోయినా. లిమిట్‌లో మూడో వంతు దాటి వాడితే మనిషి ఇరుకులో ఉన్నాడని స్కోరు లెక్కలో పడుతుంది. మా పార్టీల్లో కూడా సంక్రాంతికి ఎప్పుడూ తీసుకునేదానికి మూడింతలు తీసుకుంటే ఓనర్ గారు మురిసిపోరు, నా వైపు చూస్తారు.

మధ్యలో ఒక కబురు. నన్ను కాదన్న రెండు నెలలకే, 2025 ఆగస్టులో, లోక్‌సభలో ఆర్థిక శాఖ చెప్పింది, మొదటిసారి అప్పు అడిగేవాళ్ళని చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిప్పి పంపకూడదని రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకి చెప్పిందని, లోనుకి ఇంత స్కోరు ఉండాలని రిజర్వ్ బ్యాంకు ఎక్కడా పెట్టలేదని. మా బావ ఆ వార్త పంపించి "వెళ్ళి గట్టిగా అడుగు" అన్నాడు. అడగచ్చు. అయితే ఆ ఒక్క కారణంతో అనే మాటలోనే ఉంది కిటుకంతా, జీతం కాగితాలు లేవు అనే రెండో కారణం నా జేబులో రెడీగా ఉంది కదా.

ఫిబ్రవరిలో మళ్ళీ చూశాను. ఎన్‌హెచ్ పోయి 741 వచ్చింది. కార్డు వచ్చి ఆరు నెలలు దాటింది అప్పటికి. ఆ జూన్ రాత్రి మూడు ఎంక్వైరీలూ ఇంకా అక్కడే ఉన్నాయి, రెండేళ్ళు ఉంటాయట. నన్ను కాదన్న మూడింటిలో ఒక బ్యాంకు మొన్న మెసేజ్ పంపింది, మీకోసం ముందే ఆమోదించిన కార్డు సిద్ధంగా ఉంది అని. తీసుకోలేదు, ఎఫ్‌డీ కార్డు ఏడాది నిండనీ అనుకుంటున్నా.

ఈ సంగతి మా కొట్లో ఎలా పొక్కిందో పొక్కింది. పోయిన వారం ఓనర్ గారి భార్య కొట్టుకి వచ్చారు. ఆవిడకి పటమటలో ఇల్లుంది, లాకర్ నిండా బంగారం ఉంది, వాళ్ళ కొట్టు ఓడీ (బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ అప్పు), ఇంటి లోను, కారు లోను అన్నీ ఓనర్ గారి పేరు మీదే. ఏదో ఆన్‌లైన్ ఆఫర్‌కి ఆవిడ పేరు మీద కార్డు అప్లై చేశారట, రాలేదట. నా ఫోనులోనే ఆవిడ రిపోర్టు తీయించుకున్నారు, ఓటీపీ చెప్పి, క్యాష్ కౌంటర్ మీదకి వంగి చూస్తున్నారు. తెరుచుకుంది. ఎన్‌హెచ్.

"అదేంటయ్యా, హైవేనా?" అన్నారు.

మొత్తం చెప్పాను, ఫోను ఎంక్వైరీ, నగదు బిల్లు, ఎఫ్‌డీ, అన్నీ. ఓనర్ గారు లెడ్జర్‌లో తల పెట్టి వినపడనట్టే కూర్చున్నారు. ఆవిడ కాసేపు ఆలోచించి, "అయితే ఒక 5 లక్షలు వేస్తే సరిపోతుందా?" అన్నారు.

"మొదటి బిల్లే కదమ్మగారూ," అన్నాను, "పాతికవేలు చాలు."